చట్టం, మతం, సమాజం కలిసే చోట పీహెచ్‌డీ: ప్రశ్న వెతుక్కోవడం నుంచి వైవా దాకా

గుడి మాన్యం ఎవరిదన్న దావా, క్రైస్తవంలోకి మారిన దళితుడి కుల ధ్రువీకరణ పత్రం, తలాక్ తరువాత భరణం, దర్గా భూమి మీద వక్ఫ్ బోర్డు నోటీసు. మన దినపత్రికల జిల్లా పేజీల్లో ఇలాంటి వార్తలు తరచూ కనిపిస్తుంటాయి. వాటిని చదివి వదిలేయకుండా, వాటి మీదే కొన్నేళ్లు కూర్చుని పరిశోధన చేయాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎల్‌ఎల్‌ఎం చేసినవాళ్లకే కాదు, సోషియాలజీ, చరిత్ర, రాజనీతి శాస్త్రం చదివినవాళ్లకూ ఇక్కడ చోటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మతం, చట్టం మీద మన దగ్గర వచ్చే థీసిస్‌లలో చాలావాటిలో సుప్రీంకోర్టు తీర్పుల సారాంశాలే ఉంటాయి. ఆ తీర్పుకు ముందు కింది కోర్టులో, రెవెన్యూ ఆఫీసులో ఏం జరిగింది? తీర్పు వచ్చాక ఊళ్లో ఏం మారింది? ఇవి రాసేవాళ్లు తక్కువ. తెలుగు ధారాళంగా చదవగలిగి, మండల ఆఫీసులో మాట్లాడి పని చేయించుకోగలిగినవాళ్లు ఈ పనిలో చాలా ముందుంటారు.

మొదట ప్రశ్న, తరువాతే యూనివర్సిటీ

చాలామంది ముందు నోటిఫికేషన్ చూసి, ఆ తరువాత టాపిక్ వెతుక్కుంటారు. దాంతో "భారతదేశంలో మతస్వేచ్ఛ: ఒక అధ్యయనం" లాంటి శీర్షికలు పుడతాయి. అది టాపిక్కే గానీ ప్రశ్న కాదు. టాపిక్‌ని ప్రశ్నగా ఎలా మార్చాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

రాజ్యాంగంలోని 25 నుంచి 28 వరకు అధికరణాలు మతస్వేచ్ఛకు సంబంధించినవి. వాటిలో 25(2)(ఏ) ప్రకారం, మతంతో ముడిపడిన ఆర్థిక, లౌకిక కార్యకలాపాలను ప్రభుత్వం నియంత్రించవచ్చు. మరి ఏది మతం, ఏది లౌకికం? 1954లో ఉడుపికి చెందిన శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. మతంలో ముఖ్యమైన భాగం ఏదన్నది ఆ మత సిద్ధాంతాలను బట్టే తేల్చాలన్నది. దాని నుంచి పెరిగిందే 'ముఖ్య ఆచారాల' పరీక్ష. ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకంలో చూసినా ఉంటుంది.

ఇక మన దగ్గరకు రండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లో కొత్త దేవాదాయ చట్టం తెచ్చి వంశపారంపర్య అర్చకత్వాన్ని, మిరాశీ హక్కులను (గుడి సేవలో, ఆదాయంలో తరతరాలుగా వచ్చే వాటా) రద్దు చేసింది. అది కోర్టుకెళ్లింది. 1996లో ఎ.ఎస్. నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. పూజ ఎలా చేయాలన్నది మతం, అర్చకుణ్ని నియమించడం లౌకిక వ్యవహారం అన్నది ఆ తీర్పు సారం. 2007లో చట్టానికి సవరణ కూడా వచ్చింది. అయితే ఆదాయం పెద్దగా లేని, చట్టంలో 6(సి) కింద చేర్చిన ఊరి గుడిలో ఈ మార్పులన్నీ ఎలా దిగాయి? "6(సి) కింద ఉన్న గుళ్లలో, ఒక జిల్లాలో, 1987 తరువాత అర్చకుడి నియామకం, జీతం, మాన్యం మీద అనుభవం ఎలా మారాయి?" ఇది ప్రశ్న. దీనికి చోటుంది, కాలముంది, వెతకాల్సిన కాగితం ఏదో తెలుసు, మాట్లాడాల్సిన మనుషులెవరో తెలుసు.

అలాంటి ప్రశ్నలు ఇంకా చాలా ఉన్నాయి. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ ప్రిన్సిపాల్ వర్సెస్ వై. మోహనరావు కేసు వచ్చింది. క్రైస్తవులైన తల్లిదండ్రులకు పుట్టి హిందూ మతంలోకి వచ్చిన విద్యార్థికి ఎస్సీ హోదా దక్కుతుందా అన్నది అక్కడి సమస్య. ఆ కులస్థులు తమవాడిగా అంగీకరిస్తే దక్కుతుందని కోర్టు చెప్పింది. మరి ఆ అంగీకారాన్ని ఇవాళ ఒక తహసీల్దారు ఎలా విచారిస్తాడు? ఎవర్ని అడుగుతాడు? ఫైల్లో ఏం రాస్తాడు? ఇదొక్కటే ఒక థీసిస్‌కు సరిపడే ప్రశ్న. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ మరో ఉదాహరణ. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. రాష్ట్ర సవరణ అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు వర్తించలేదు. ఆ గీతకు అటూ ఇటూ నిలబడ్డ అక్కచెల్లెళ్ల కుటుంబాల్లో ఏం జరిగిందో సివిల్ కోర్టు రికార్డుల్లో వెతకవచ్చు.

ప్రశ్న సిద్ధమైందా లేదా అని తెలుసుకోవడానికి నేను చూసేది ఒక్కటే. జవాబు మీరు ఇప్పటికే అనుకుంటున్నదానికి విరుద్ధంగా రావడానికి వీలుందా? లేకపోతే అది వాదనే అవుతుంది, పరిశోధన కాదు.

ఏ విభాగంలో చేరాలి

మన దేశంలో "చట్టం, మతం, సమాజం" అని బోర్డు పెట్టుకున్న విభాగం కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. ప్రశ్నను బట్టి విభాగాన్ని ఎంచుకోవాలి. తీర్పుల తర్కం, చట్ట నిర్మాణం ప్రధానమైతే లా విభాగం. శామీర్‌పేటలోని నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల లా కాలేజీలు మనకు దగ్గరివి. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో లా పీహెచ్‌డీతో పాటు అంతర్విభాగ పరిశోధనకూ వీలుంది. లా విభాగాల్లో సాధారణంగా ఎల్‌ఎల్‌ఎం అడుగుతారు. మీ దగ్గర ఎంఏ మాత్రమే ఉంటే బెంగ అక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సోషియాలజీ, చరిత్ర, రాజనీతి శాస్త్ర విభాగాలు ఉన్నాయి, ఢిల్లీ జేఎన్‌యూలో చట్టం, పాలనల అధ్యయన కేంద్రం ఉంది. ముస్లిం వ్యక్తిగత చట్టం, వక్ఫ్ మీద పని చేసేవాళ్లు గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఇస్లామిక్ స్టడీస్ విభాగాన్ని కూడా చూడాలి.

ఒక హెచ్చరిక. తరువాత లా కాలేజీలో ఉద్యోగం కావాలనుకుంటే, సోషియాలజీలో తీసుకున్న పీహెచ్‌డీ అక్కడ పనికొస్తుందో లేదో చేరకముందే కనుక్కోండి. చేరాక తెలిస్తే పెద్ద టెన్షన్.

విదేశాల్లో ఈ రంగానికి ప్రత్యేక కేంద్రాలే ఉన్నాయి. అమెరికాలో అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో చట్టం, మతం అధ్యయన కేంద్రం 1982 నుంచి నడుస్తోంది. బ్రిటన్‌లో కార్డిఫ్‌లో ఇలాంటి కేంద్రం ఉంది. దక్షిణాసియా చట్టం, మతాల మీద లండన్‌లోని సోయాస్‌కు పాత పేరుంది. బర్క్‌లీలోని న్యాయశాస్త్రం, సామాజిక విధానాల పీహెచ్‌డీలో లా డిగ్రీ లేనివాళ్లూ చేరవచ్చు. అయితే పూర్తి స్కాలర్‌షిప్ లేకుండా వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. ఇక్కడ పీహెచ్‌డీలో నమోదై ఉంటే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ మీద కొన్ని నెలలు అమెరికా వెళ్లి రావచ్చు. మన జిల్లాల మీద పని చేసేవాళ్లకు ఈ దారే బాగుంటుంది.

అర్హత, ప్రవేశం

2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనలే ఇప్పుడు ఆధారం. పీజీలో కనీసం 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీ లేయర్ ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 5 శాతం సడలింపు ఉంటుంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంఫిల్ ఇక లేదు.

2024-25 నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) స్కోరును వాడుకోవచ్చని యూజీసీ చెప్పింది. నెట్‌లో ఇప్పుడు మూడు మెట్లున్నాయి: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. మొదటిదానిలో వచ్చినవాళ్లకు ఇంటర్వ్యూ చాలు. మిగతా రెండింటిలో నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. వీళ్ల స్కోరు పీహెచ్‌డీ కోసం ఒక్క ఏడాదే చెల్లుతుంది. నెట్‌లో లా పేపరు, సోషియాలజీ పేపరు ఉన్నట్టే మతాల తులనాత్మక అధ్యయనం పేపరు కూడా ఉంది. సొంత ప్రవేశ పరీక్షలు పెట్టే యూనివర్సిటీలూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర యూనివర్సిటీల కోసం ఏపీఆర్‌సెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చింది. అందుకే నెట్ రాశాం కదా అని ఊరుకోకుండా ప్రతి యూనివర్సిటీ నోటిఫికేషన్ విడిగా చదవండి.

కోర్స్‌వర్క్‌తో కలిపి కనీస వ్యవధి మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు వస్తాయి. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఆ పైన ఇంకో రెండేళ్లు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా తీసుకోవచ్చు. ఉద్యోగం చేస్తున్న లాయర్లు, లెక్చరర్లు పార్ట్‌టైమ్‌గా చేయవచ్చు, సంస్థ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి.

గైడ్

ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మాత్రమే ఉండాలన్నది నిబంధన. అంటే ఎంత మంచి గైడ్ అయినా ఖాళీ లేకపోతే తీసుకోలేరు. ముందే మెయిల్ రాసి కనుక్కోండి. మెయిల్‌లో మీ ప్రశ్నను నాలుగు వాక్యాల్లో రాయండి, వాళ్లు రాసిన ఏదో ఒక వ్యాసం నిజంగా చదివి దానితో మీ ప్రశ్నకు ఉన్న సంబంధం చెప్పండి. "రెస్పెక్టెడ్ సర్, మీ మార్గదర్శకత్వంలో పని చేయాలని నా చిరకాల కోరిక" అని మొదలుపెట్టి పదిమందికి పంపే మెయిల్ చూడగానే తెలిసిపోతుంది.

గైడ్ గురించి నిజం తెలియాలంటే ఆ గైడ్ దగ్గర ఉన్న స్కాలర్లను అడగాలి. చాప్టర్ ఇస్తే ఎన్నాళ్లకు చదివి ఇస్తారు? ఫీల్డ్‌కు వెళ్లనిస్తారా? గైడ్‌కు తన మతం మీద, ఇతరుల మతం మీద గట్టి అభిప్రాయాలుంటే, దానికి భిన్నంగా వచ్చిన ఫలితాలను రాయనిస్తారా? మూడోది ఈ రంగంలో చాలా ముఖ్యం. లా విభాగంలో చేరితే సోషియాలజీ లేదా చరిత్ర నుంచి కో-గైడ్‌ను అడగడం మంచిది. చట్టం చదివినవాళ్లకు ఇంటర్వ్యూలు చేయడం నేర్పేవాళ్లు కావాలి, సోషియాలజీ వాళ్లకు తీర్పు చదవడం నేర్పేవాళ్లు కావాలి.

డబ్బు

జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000 రూపాయలు, దాని పైన హెచ్‌ఆర్‌ఏ, కంటింజెన్సీ ఉంటాయి. ఈ రేట్లు 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు విడి జాతీయ ఫెలోషిప్‌లు, తల్లిదండ్రులకు ఒక్కతే సంతానమైన అమ్మాయిలకు సావిత్రీబాయి జ్యోతిరావ్ ఫూలే ఫెలోషిప్, సామాజిక శాస్త్రాల వాళ్లకు ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) డాక్టోరల్ ఫెలోషిప్ ఉన్నాయి. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కొత్తవాళ్లకు ఆగిపోయింది, పాత సమాచారం నమ్మి ప్లాన్ వేసుకోకండి. ఫెలోషిప్ డబ్బు నెలనెలా టైముకు పడుతుందని కూడా అనుకోవద్దు. ఆలస్యమైతే తట్టుకునేలా కొన్ని నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి.

సినాప్సిస్, కోర్స్‌వర్క్

సినాప్సిస్‌లో (పరిశోధన ప్రతిపాదనలో) కమిటీ వెతికేవి నాలుగు: ప్రశ్న ఏమిటి, ఇంతవరకు ఎవరు ఏం చెప్పారు, మీ దగ్గరున్న ఆధారాలేమిటి, అవి ఎలా దొరుకుతాయి. మూడోదానిలో, నాలుగోదానిలో ఎక్కువమంది దొరికిపోతారు. "ప్రాథమిక, ద్వితీయ ఆధారాలు ఉపయోగిస్తాను" అని రాస్తే చాలదు. ఏ ఆఫీసులో ఏ రిజిస్టరు, ఏ కోర్టులో ఏ సంవత్సరాల ఫైళ్లు అని రాయండి. ఇంటర్వ్యూకు ముందే ఒకసారి వెళ్లి చూసొచ్చి రాస్తే ఆ తేడా బోర్డుకు కచ్చితంగా తెలుస్తుంది. మీ టాపిక్ మీద ఇప్పటికే ఎవరైనా థీసిస్ రాశారేమో మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వెతకండి, అది ఉచితం.

కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. దాన్ని తంతులా ముగించకండి. ఆ నెలల్లో తీర్పును మొత్తంగా చదవడం అలవాటు చేసుకోండి. పైన ఇచ్చే సారాంశం (హెడ్‌నోట్) చూసి వదిలేయొద్దు. ఎవరు వేశారు, ఏం కోరారు, ప్రభుత్వం అఫిడవిట్‌లో ఏమంది, కోర్టు ఏ గ్రంథాన్ని, ఏ పండితుణ్ని ఆధారం చేసుకుంది, విడిగా రాసిన జడ్జి ఏమన్నారు అని పేరా నంబర్లతో నోట్స్ రాసుకోండి. 2018 శబరిమల తీర్పును న్యాయమూర్తి ఇందు మల్హోత్రా భిన్నాభిప్రాయం లేకుండా చదివితే సగమే చదివినట్టు. సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు ఆన్‌లైన్ పోర్టల్ ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతాయి.

రికార్డుల్లోకి దిగడం

ఈ రంగంలో అసలు ఆనందం ఇక్కడే ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందు మన రెండు ప్రాంతాల చరిత్ర వేరని గుర్తుంచుకోవాలి. కోస్తా, రాయలసీమ గుళ్లు మద్రాసు చట్టాల కిందినుంచి వచ్చాయి: 1920ల నాటి హిందూ మత దేవాదాయ చట్టం, ఆ తరువాత 1951 చట్టం. తెలంగాణలో నిజాం ప్రభుత్వపు ఉమూరె మజహబీ (మత వ్యవహారాల) శాఖ గుళ్లు, మసీదులు రెండింటి వ్యవహారాలూ చూసేది. అక్కడ 1349 ఫస్లీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) నాటి దేవాదాయ నిబంధనలు ఉండేవి. ఫస్లీకి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. ఈ రెండు దారులూ 1966 చట్టంతో కలిశాయి, ఆ స్థానంలో 1987 చట్టం వచ్చింది. 2014 తరువాత రెండు రాష్ట్రాలూ దాన్నే విడివిడిగా సవరించుకుంటూ వస్తున్నాయి. అందుకే తెలంగాణ మీద పని చేసేవాళ్లు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, ఉర్దూ, కొంత ఫారసీ చదవగలగాలి లేదా చదివిపెట్టేవాళ్లను చూసుకోవాలి. ఆంధ్ర జిల్లాల పాత రికార్డుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లక తప్పదు.

ఒక్క కాగితాన్ని దగ్గరగా చూద్దాం: ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ ఏర్పడింది. ఊరూరా ఇనాం భూములను (పన్ను లేకుండా, లేదా తక్కువ పన్ను మీద దానంగా ఇచ్చినవి) విచారించి రాసిన రిజిస్టర్లు అవి. అడ్డంగా గళ్లు ఉంటాయి. భూమి విస్తీర్ణం, ఇనాం దేనికోసం, ఎవరిచ్చారు, ఏ సంవత్సరంలో, మొదట ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, జోడి (ఇనాం భూమి మీద కట్టే తక్కువ శిస్తు) కడుతున్నారా, చివరగా డిప్యూటీ కలెక్టర్ సిఫారసు. గుడి మాన్యం దావాల్లో ఇప్పటికీ దీన్నే ఎగ్జిబిట్‌గా పెడతారు. ఎందుకంటే అసలు గొడవ ఒక్కటే: ఆ భూమి దేవుడికి ఇచ్చిందా, లేక పూజ చేసే షరతు మీద అర్చకుడికి ఇచ్చిందా? దేవుడికే అయితే అర్చకుడి వారసులు దాన్ని అమ్మలేరు. 1956 ఇనాముల రద్దు చట్టం కింద పట్టా ఎవరి పేరున రావాలన్నదీ దీని మీదే ఆధారపడుతుంది. 'దేనికోసం' అన్న గడిలో ఒక గుమాస్తా పొడిగా రాసిన ఒక వాక్యం మీద ఒక కుటుంబం భవిష్యత్తు ఆధారపడి ఉండటం మీరు చూస్తారు. ఆ రిజిస్టరు జిరాక్స్‌ను, నేటి 43 రిజిస్టరును (1987 చట్టం 43వ సెక్షన్ కింద ప్రతి సంస్థ నమోదయ్యేది ఇందులోనే), రెవెన్యూ అడంగల్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. విస్తీర్ణం ఎక్కడ తగ్గింది, పేరు ఎప్పుడు మారింది అన్నది బయటపడుతుంది. ఆ తేడాలే మీ చాప్టర్.

ఆఫీసులో అడిగే పద్ధతి: ముందు యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద గైడ్ సంతకంతో పరిచయ పత్రం తీసుకుని దేవాదాయ శాఖ అసిస్టెంట్ కమిషనర్‌ను కలవండి. మర్యాదగా అడిగితే చాలాచోట్ల చూపిస్తారు. కుదరకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. "గుడి భూముల వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఏదో ఒకటి రాసి పంపిస్తారు. ఫలానా మండలం, ఫలానా సంవత్సరం, ఫలానా రిజిస్టరు నకలు అని అడగండి. ముగిసిన దావాల ఫైళ్లకు జిల్లా కోర్టులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టుకోవాలి. పార్టీ కానివాళ్లు కారణం చెప్పాల్సి ఉంటుంది కాబట్టి తెలిసిన లాయరు సాయం తీసుకోండి. దావా, జవాబు దావా, సాక్షుల వాంగ్మూలాలు మూడూ అడగండి. హైకోర్టు తీర్పులో కనిపించని ఊరు ఆ వాంగ్మూలాల్లో కనిపిస్తుంది.

మనుషులతో మాట్లాడటం

యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఇంటర్వ్యూలు మొదలుపెట్టొద్దు. మతం మారిన వ్యక్తి తన పేరుతో మాట్లాడితే సర్టిఫికెట్ పోవచ్చు, ఉద్యోగం పోవచ్చు. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులకు మాత్రమే ఆ హోదా ఉంది. కాబట్టి ఆదివారం చర్చికి వెళ్తున్నానని ఆయన మీకు చెప్పిన మాట ఆయన మీదే ఆధారమవుతుంది. పేరు మార్చడంతో సరిపోదు. ఊరి పేరు, చర్చి పేరు, ఆయన చేసే పని కూడా గుర్తుపట్టకుండా రాయాలి. రికార్డింగుకు ఒప్పుకోకపోతే బలవంతపెట్టొద్దు, అదే రోజు రాత్రి నోట్స్ రాసుకోండి.

మీరు ఎవరని వాళ్లు అడుగుతారు. కులం అడుగుతారు, మతం అడుగుతారు. అబద్ధం చెప్పొద్దు. గుడిలో అర్చకుడు మీతో మాట్లాడిన తీరు, అదే గుడిలోకి ఒకప్పుడు రానివ్వని పేటవాళ్లు మాట్లాడిన తీరు మీరెవరన్న దాన్ని బట్టి మారుతుంది. ఆ సంగతి మెథడాలజీ చాప్టర్‌లో నిజాయతీగా రాయండి. ఈవో (గుడి కార్యనిర్వహణాధికారి) మాటలు, ధర్మకర్త మాటలు విన్నాక పొలం కౌలు చేసే రైతును, గుడి ఊడ్చే మనిషిని కూడా అడగండి. వాళ్లను అడగకుండా ఎన్ని ఇంటర్వ్యూలు చేసినా అది అధికారుల కథే.

రాయడం

చట్టం మీ కళ్ల ముందే మారుతుంది. 1995 వక్ఫ్ చట్టానికి 2025లో భారీ సవరణ వచ్చింది, అదే సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లను మధ్యంతరంగా ఆపింది. ప్రతి పరిణామం వెంట పరుగెత్తితే థీసిస్ ఎప్పటికీ పూర్తి కాదు. ఒక తేదీ పెట్టుకుని, ఆ తేదీ వరకు ఉన్న చట్టమే చర్చిస్తున్నానని మొదటి చాప్టర్‌లో రాసేయండి. తరువాత వచ్చినవి చిన్న అనుబంధంలో చాలు.

ఫీల్డ్ చాప్టర్‌తో రాయడం మొదలుపెట్టండి. రాజ్యాంగ చరిత్రతో మొదలుపెట్టినవాళ్లు అక్కడే ఏడాది గడిపేస్తారు. తీర్పుల నుంచి ఎత్తిరాసే భాగాలకు కోట్స్, పేరా నంబరు తప్పనిసరి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం సారూప్యత 10 శాతం దాటితే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ప్రతి సెమిస్టరూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రజెంటేషన్ ఉంటుంది, దానికి పూర్తయిన చాప్టరే పట్టుకెళ్లండి. సమర్పణకు ముందు పేపర్లు ప్రచురించాలన్న తప్పనిసరి షరతును 2022 నిబంధనలు తీసేశాయి. మీ యూనివర్సిటీ సొంతంగా అడుగుతుందేమో చూసుకోండి. డబ్బు తీసుకుని వేసే జర్నళ్ల జోలికి మాత్రం వెళ్లకండి.

సమర్పణ, వైవా

థీసిస్‌ను గైడ్‌తో పాటు బయటి నుంచి కనీసం ఇద్దరు పరీక్షకులు చదువుతారు. ఒక లా మనిషి, ఒక సామాజిక శాస్త్రవేత్త ఉండేలా ప్యానెల్ సూచించమని గైడ్‌ను అడగండి. లేకపోతే ఇద్దరు లా ప్రొఫెసర్లు మీ ఇంటర్వ్యూల చాప్టర్‌ను ఎలా అంచనా వేయాలో తెలియక కేసుల జాబితా తక్కువైందని రాయవచ్చు. వైవా (మౌఖిక పరీక్ష) బహిరంగంగా జరుగుతుంది, ఎవరైనా వచ్చి ప్రశ్న వేయవచ్చు. "ఈ ఒక్క జిల్లా ఫలితం మిగతాచోట్ల చెల్లుతుందా?" అన్న ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో రెండూ చెప్పండి.

డిగ్రీ వచ్చాక థీసిస్ శోధ్‌గంగలోకి వెళ్తుంది. ఆ రోజు నుంచి ఎవరైనా గూగుల్‌లో వెతికి చదవవచ్చు, అందులో మీతో మాట్లాడినవాళ్ల ఊరివాళ్లూ ఉంటారు. అందుకే చివరి ప్రతి ఇచ్చే ముందు ఒక్క పని మీద కూర్చోండి. ప్రతి ఫుట్‌నోట్, ప్రతి ఫోటో, అనుబంధంలో పెట్టిన ప్రతి సర్టిఫికెట్ నకలు తీసి చూడండి. సర్వే నంబరు, దరఖాస్తు నంబరు, ఫైల్ నంబరు ద్వారా మనిషిని పట్టుకునే వీలుంటే చెరిపేయండి. పుస్తకంగా తేవాలనుకున్నా, పేర్లు కాపాడటానికి మరికొంత సమయం కావాలనుకున్నా, అప్‌లోడ్‌ను కొంతకాలం ఆపమని సమర్పణ సమయంలోనే లిఖితపూర్వకంగా అడగండి, ఎంతకాలం ఇస్తారన్నది మీ యూనివర్సిటీ నిబంధనలను బట్టి ఉంటుంది.